కిరణ్‌కు, ఇంజెక్టర్లు ఆర్డర్ పెట్టేముందు

చి. కిరణ్‌కు,

మావయ్య ఆశీస్సులు. నీ 2013 సుబారు ఎస్టీఐ కారుకి 1,300 సీసీ (నిమిషానికి అంత ఇంధనం చిమ్మే) ఇంజెక్టర్లు వేయిద్దామనుకుంటున్నానని రాశావు. టర్బో చూస్తే కంపెనీదే, పోయించేది 93 ఆక్టేన్ బంకు పెట్రోలు. మరి అంత పెద్దవి ఎందుకురా? "తర్వాత పనికొస్తాయి కదా" అంటావు. ఎదిగే పిల్లాడని రెండు సైజులు పెద్ద చొక్కా కుట్టించే మా నాన్నగారి పద్ధతి నీకూ వచ్చినట్టుంది!

ఇంజన్ కాలిబ్రేషన్‌లో పనిచేసిన వాడిగా ముందు ఒక్క మాట చెప్తాను. ఇంజెక్టర్ మార్చినంత మాత్రాన ఒక్క హార్స్‌పవర్ కూడా పెరగదు. పవర్ వచ్చేది టర్బో నెట్టే గాలి వల్ల. ఆ గాలికి తగినంత ఇంధనం అందించడమే ఇంజెక్టర్ పని. ఉన్నవి చాలడం లేదని తేలాకే కొత్తవాటి గురించి ఆలోచించాలి.

తేల్చుకోవడం కష్టమేం కాదు. నీ దగ్గర యాక్సెస్‌పోర్ట్ (ఇంజన్ కంప్యూటర్ లెక్కలు చదివే, మార్చే పరికరం) ఉంది కాబట్టి, డైనో (కారు పవర్ కొలిచే యంత్రం) మీద ఫుల్ థ్రాటిల్‌లో ఒక లాగ్ తీసి డ్యూటీ సైకిల్, అంటే ఉన్న టైములో ఇంజెక్టర్ ఎంత శాతం తెరిచి ఉంటోందో, చూడు. 6,500 ఆర్పీఎం దగ్గర ఇంజన్ రెండు చుట్లు తిరగడానికి పట్టేది దాదాపు 18.5 మిల్లీసెకన్లు. ఒక్కో సిలిండర్‌కు ఇంధనం కొట్టడానికి ఇంజెక్టర్‌కు ఉన్న టైము అంతే. అందులో 85 శాతం వరకు తెరిచి ఉంటే ఫర్వాలేదు. 95 దాటుతోందంటే ఇక దాని చేతిలో ఏమీ లేనట్టే. చలికి గాలి చిక్కబడినా, బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) కాస్త ఎగిసినా మిశ్రమం లీన్ అయిపోతుంది, అంటే గాలికి తగినంత ఇంధనం ఉండదు. ఈ ఈజే257 ఇంజన్‌లో పిస్టన్లు ఫోర్జ్‌డ్ (సాగగొట్టి చేసినవి) కావు, కాస్ట్‌వి (పోత పోసినవి). నాక్ (ఇంధనం అదుపు తప్పి పేలినట్టు మండడం) మొదలైతే రింగ్‌ల్యాండ్ (పిస్టన్ మీద రింగుల మధ్య గట్టు) పగలడం వీటికి మామూలే. రీబిల్డ్ ఖర్చు ముందు ఇంజెక్టర్ల ఖర్చు ఓ లెక్కలోది కాదు.

కాగితం మీద కూడా ఓసారి లెక్క వేసుకో. టర్బో పెట్రోల్ ఇంజన్ ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 0.6 పౌండ్ల పెట్రోలు తాగుతుంది. నీ కారు కంపెనీ రేటింగ్ 305 కదా, అంటే 183 పౌండ్లు. నలుగురికి పంచితే తలా 45.75. గంటకు ఒక పౌండంటే నిమిషానికి 10.5 సీసీ, కాబట్టి ఒక్కోదానికి 480 సీసీ. నీ ఒరిజినల్ ఇంజెక్టర్లు 565 ప్రాంతంలో ఉంటాయి. సరిగ్గా 85 శాతం! కంపెనీ వాళ్లు పిచ్చివాళ్లేం కాదు. ఇదే కారును 400 హార్స్‌పవర్‌కు తీసుకెళ్లాలంటే, అదే 85 శాతం హద్దుతో, పెట్రోలు మీద 740 సీసీ దాకా కావాలి. ఈ85 (ఇథనాల్ ఎక్కువగా కలిపిన పెట్రోలు) అయితే ఇంకో 30-35 శాతం కలుపుకో, 1,000కి చేరుతుంది. నీ మనసు ఈ85 మీద ఉందని నాకు తెలుసు. దానికైతే కంపెనీ టర్బో మీద కూడా ఇంజెక్టర్లు మార్చక తప్పదు, ఆ 305కే డ్యూటీ నూరు దాటిపోతుంది. కాబట్టి 1,000 సీసీ తరగతివి తీసుకో. 1,300 వద్దు.

సీసీ అంకె చూసేటప్పుడు అది ఏ ప్రెషర్ దగ్గర కొలిచిందో అడుగు. 3 బార్ దగ్గర 1,000 ఇచ్చేది 4 బార్ దగ్గర 1,155 ఇస్తుంది. కొందరు పెద్ద అంకె వేసి అమ్మేస్తుంటారు.

అందరూ పట్టించుకోనిదీ, నేను మాత్రం పట్టుబట్టేదీ ఒకటుంది. అది డెడ్ టైమ్. ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) "తెరువు" అన్న క్షణానికే ఇంజెక్టర్ తెరుచుకోదు, సుమారు ఒక మిల్లీసెకను ఆలస్యమవుతుంది. బ్యాటరీ వోల్టేజి తగ్గితే ఆ ఆలస్యం పెరుగుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో పదిహేను మిల్లీసెకన్ల ముందు ఈ తేడా కనపడదు. ఐడిల్‌లో (బండి ఆగి ఇంజన్ మాత్రం నడుస్తున్నప్పుడు) అలా కాదు. ఇంజెక్టర్ ఎంత పెద్దదైతే అంత తక్కువ సేపు తెరవాలి, నిజంగా ఇంధనం కొట్టే టైము మిల్లీసెకను లోపుకే వస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగావనుకో. రేడియేటర్ ఫ్యాన్ ఆన్ అవుతుంది, హెడ్‌లైట్లు వెలుగుతుంటాయి, వోల్టేజి 14 నుంచి 13కి దిగుతుంది. ట్యూన్‌లో (ఈసీయూలో పెట్టే లెక్కల్లో) డెడ్ టైమ్ టేబుల్ తప్పుగా ఉంటే ఆర్పీఎం ముల్లు కిందికి జారుతుంది, పైకి లేస్తుంది, మళ్లీ జారుతుంది. అప్పుడు అందరూ వాక్యూమ్ లీక్ (ఎక్కడి నుంచో గాలి జొరబడడం) కోసం వెతుకుతారు, అసలు తప్పు టేబుల్‌లో ఉంటుంది. అందుకే ఒక్కో వోల్టేజికి డెడ్ టైమ్ ఎంతో, చిన్న పల్స్ దగ్గర ఎంత పారుతుందో డేటా ఇచ్చే, నాలుగూ సరిపోల్చి ఇచ్చే కంపెనీవే కొను. ఆ డేటా ఉంటే 1,000 సీసీవి కూడా ఒరిజినల్ వాటిలాగే ఐడిల్ అవుతాయి. సగం ధరకు దొరికేవి చాలావరకు నకిలీలే, వాటి జోలికి పోకు.

పంపు సంగతి. రైల్‌లో (ఇంజెక్టర్లకు ఇంధనం అందించే గొట్టంలో) ప్రెషర్ 43.5 పీఎస్ఐ అనుకుంటాం. కానీ బూస్ట్ ఎంత పెరిగితే రెగ్యులేటర్ ఈ ప్రెషర్‌నూ అంతే పెంచుతుంది. 20 పీఎస్ఐ బూస్ట్‌లో పంపు 63.5కి ఎదురు తోయాలి. ప్రెషర్ పెరిగే కొద్దీ పంపు ఇచ్చే లీటర్లు తగ్గుతాయి. ఈ85 మీద 400 హార్స్‌పవర్‌కు గంటకు 200 లీటర్లు కావాలి, అదీ ఆ ప్రెషర్ దగ్గర. పెట్టె మీద రాసిన అంకె కాదు, పంపు గ్రాఫ్ చూడు. పైపులు కూడా ఇథనాల్‌కు తట్టుకునేవే వేయించు. బంకులో ఈ85 అని రాసున్నా అందులో ఇథనాల్ సీజన్‌ను బట్టి 51 నుంచి 83 శాతం దాకా మారుతుంది, అందుకని ఆ శాతం కొలిచే ఫ్లెక్స్ ఫ్యూయల్ సెన్సర్ పెట్టించు.

బిగింపు నువ్వే చేసుకుంటానంటే కాదనను. ఇంజన్ చల్లారాక ఫ్యూయల్ పంప్ కనెక్టర్ పీకి, స్టార్ట్ చేసి, ఆగిపోయేదాకా ఉండు. తర్వాత బ్యాటరీ నెగెటివ్ తీసెయ్. పాత ఇంజెక్టర్ లాగే ముందు చుట్టూ దుమ్ము గాలితో ఊదెయ్, లేదంటే అదంతా సిలిండర్‌లోకే పోతుంది. ఓ-రింగులకు పల్చగా ఇంజనాయిల్ రాసి మెల్లగా తిప్పుతూ దించు. రైల్ బిగించాక ఒక్కో ఇంజెక్టర్ చేత్తో కాస్త తిరగాలి. తిరగకపోతే ఓ-రింగ్ నలిగినట్టే, విప్పి మళ్లీ చూడు. పంప్ కనెక్టర్, బ్యాటరీ మళ్లీ కలిపి, స్టార్ట్ చేయకుండా కీ నాలుగైదు సార్లు ఆన్ చేసి, టార్చి వేసి తడి ఉందేమో చూడు. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ లేకుండా ఈ పని మొదలెట్టకు.

కొత్త ఇంజెక్టర్లతో పాత మ్యాప్ (ఈసీయూలోని ఇంధనం లెక్కల పట్టిక) మీద స్టార్ట్ చేయొద్దు. ముందే ట్యూనర్‌తో బేస్ మ్యాప్ తెప్పించుకుని, బూస్ట్ రాకుండా నెమ్మదిగా డైనోకు నడుపుకుంటూ వెళ్లు. ఫ్యూయల్ ట్రిమ్‌లు (ఈసీయూ తనంతట తాను ఇంధనంలో చేసే సవరణలు) ప్లస్ మైనస్ 5 శాతంలోకి వచ్చేదాకా థ్రాటిల్ జోలికి పోకు. వైడ్‌బ్యాండ్ మీటర్‌ను (గాలి-ఇంధనం పాళ్లు చూపేది) లాంబ్డాలో పెట్టుకో, ఏ ఇంధనమైనా పాళ్లు సరిపోతే అది 1 చూపుతుంది. ఈ85 పోసినా పెట్రోల్ స్కేలు 14.7 అనే చూపించి మభ్యపెడుతుంది.

అన్నట్టు, హైదరాబాద్‌లో మీ అన్నయ్య తన ఆక్టేవియాకు కూడా ఇవే పంపించమన్నాడట. దానిది డైరెక్ట్ ఇంజెక్షన్ (ఇంధనం నేరుగా సిలిండర్‌లోకే కొట్టేది), పనిచేసే ప్రెషరే వేరు, ఇవి అందులో పట్టవు. 2015 నుంచి వచ్చిన సుబారు డబ్ల్యూఆర్ఎక్స్‌ది కూడా అదే కథ. వాడికి నేను విడిగా ఫోన్ చేస్తాను.

ఈ వారాంతం డైనో దొరికితే ఆ లాగ్ ఫైలు పంపు. డ్యూటీ సైకిల్ కాలమ్ పక్కన బ్యాటరీ వోల్టేజి, నాక్ కాలమ్‌లు కూడా ఉండేలా చూసుకో.

మావయ్య