కెప్టెన్ అమరీందర్ సింగ్ నిజంగా యుద్ధంలో ఉన్నారా?

"ఏడీసీ అంటే జనరల్ గారి బ్యాగు మోసేవాడే కదా, ఆమాత్రానికి పేరు ముందు కెప్టెన్ ఎందుకు?" అని పంజాబ్ మాజీ ముఖ్యమంత్రి అమరీందర్ గురించి మీరు అడిగారు. ఏడీసీ అంటే పెద్దాఫీసరు వెన్నంటి ఉండే సహాయక ఆఫీసరు. ఆర్మీలో 17 ఏళ్లు డ్రైవరుగా చేసినవాణ్ని. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

1999 కార్గిల్ యుద్ధంలో ద్రాస్ రోడ్డు మీద బండి నడిపాను. పైనుంచి శత్రువుకి కనబడతామని రాత్రిపూట హెడ్‌లైట్లు ఆర్పేసి పోయేవాళ్లం. ఒక రాత్రి మా జీపులో ఒక పెద్దాఫీసరు, ఆయన ఏడీసీ ఉన్నారు. ముందు ఎక్కడో షెల్ పడింది. రోడ్డు అంచు కనబడటం లేదు, పక్కన లోయ. ఆ ఏడీసీ కుర్రాడు, పాతికేళ్లు కూడా ఉండవు, దిగి తెల్ల రుమాలు వీపు వెనక పట్టుకుని నడిచాడు. ఆ రుమాలు చూసుకుంటూ నేను బండి పోనిచ్చాను. అరగంట అలాగే. బ్యాగు మోయడమంటే అదీ.

ఇక అమరీందర్ సంగతి. పటియాలా మహారాజు కొడుకు, డూన్ స్కూల్లో చదువు. 1963లో సిక్కు రెజిమెంటులో చేరారు. తండ్రి ఇటలీకి రాయబారిగా వెళ్లడంతో 1965 మొదట్లో రాజీనామా చేసి ఇంటికొచ్చేశారు. ఆ ఏడే పాకిస్తాన్‌తో యుద్ధం మొదలవగానే మళ్లీ చేరారు. నాకు ఈ ఒక్క ముక్క చాలు. బయటపడ్డవాడు, డబ్బున్నవాడు, పిలవకుండా వెనక్కి వెళ్లాడు. వెస్టర్న్ కమాండ్ అధిపతి హర్‌బక్ష్ సింగ్ దగ్గర ఏడీసీగా ఉన్నారు. పంజాబ్ సరిహద్దులో ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్‌లో పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు పదుల కొద్దీ కాలిపోయింది ఆ కమాండ్ కిందే. అలాంటి రోజుల్లో ఏడీసీకి నిద్ర ఎక్కడిది?

రాజకీయం వేరు. కాంగ్రెస్, అకాలీ, మళ్లీ కాంగ్రెస్, సొంత పార్టీ, 2022లో బీజేపీ. 2004లో ముఖ్యమంత్రిగా పొరుగు రాష్ట్రాలతో నదీజలాల ఒప్పందాలను రద్దు చేయించిన తీరు నాకూ నచ్చలేదు. అది పట్టుకుని 1965ను కొట్టిపారేయడం అన్యాయం.

మా ఊళ్లోనూ ఇంతే. నేను సెలవుకొస్తే చాలు, చుట్టాలందరూ "బావా, క్యాంటీన్ బాటిల్ తెచ్చావా?" అనేవాళ్లు. ద్రాస్‌లో ఏం జరిగిందని అడిగినవాడు ఒక్కడు లేడు. రిటైరై ఇన్నేళ్లయింది, ఆ రుమాలు సంగతి మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు. మీరు అడిగారు కాబట్టి ఇంత రాశాను.