‘అప్లైడ్’ అన్న ఒక్క మాట దగ్గర జాగ్రత్త

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసింది. అమెరికాలో రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివి, మూడో ఏడాదికి యూనివర్సిటీకి మారితే ఇంజినీరింగ్ సగం ఖర్చులో అయిపోతుందని కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. అవి అసలు కాలేజీలేనా, మన ట్యుటోరియల్స్ లాంటివా?
— ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అసలు కాలేజీలేనమ్మా. ఇప్పటికీ నడుస్తున్న ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీల్లో పాతది 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియట్ ఊళ్లో ఆరుగురు విద్యార్థులతో మొదలైంది. పిల్లలు ఊరు వదలకుండా మొదటి రెండేళ్ల డిగ్రీ చదువు స్థానిక హైస్కూల్లోనే చెప్పించాలని ఆ హైస్కూల్ సూపరింటెండెంట్ జె. స్టాన్లీ బ్రౌన్, షికాగో యూనివర్సిటీ అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్ తలపెట్టారు. అప్పట్లో జూనియర్ కాలేజీ అనేవారు. అధ్యక్షుడు ట్రూమన్ వేసిన కమిషన్ 1947లో ఇచ్చిన నివేదికతో ‘కమ్యూనిటీ కాలేజీ’ పేరు బాగా వాడుకలోకి వచ్చింది. కాబట్టి మధ్యలో యూనివర్సిటీకి మారడం కన్సల్టెన్సీ వాళ్లు కనిపెట్టిన అడ్డదారి కాదు.

దెబ్బతినేది డిగ్రీ పేరు దగ్గర. అడ్మిషన్ లెటర్‌లో ‘అసోసియేట్ ఆఫ్ సైన్స్’ అని ఉంటే అది పైచదువుకు వెళ్లే దారి. ‘అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్’ అని ఉంటే ఉద్యోగం కోసం పెట్టిన చదువు. రెండూ దాదాపు 60 క్రెడిట్లే (క్రెడిట్ అంటే చదువును కొలిచే లెక్క), రెండూ రెండేళ్లే. కానీ రెండోదాంట్లో చదివిన టెక్నికల్ సబ్జెక్టుల్ని చాలా యూనివర్సిటీలు లెక్కలోకి తీసుకోవు. అక్కడికి వెళ్లాక ఈ సంగతి తెలిస్తే ఏడాది చదువు, ఆ ఏడాది ఫీజు గోదాట్లో పోసినట్టే.

డిగ్రీ పేరు సరిగ్గా ఉన్నా ఒక్కో సబ్జెక్టునూ విడిగా చూసుకోవాలి. కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీలకైతే ‘అసిస్ట్’ వెబ్‌సైట్లో కాలేజీ, యూనివర్సిటీ, బ్రాంచి ఎంచుకుంటే ఏ కోర్సు దేనికి సరిపోతుందో పక్కపక్కనే చూపిస్తుంది. మిగతా రాష్ట్రాలకు యూనివర్సిటీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసుకు మెయిల్ రాసి, జవాబు దాచుకోండి. ‘అన్నీ ట్రాన్స్‌ఫర్ అవుతాయి’ అని ఫోన్లో చెప్పిన మాట చెల్లదు. క్రెడిట్ తీసుకున్నా దాన్ని బ్రాంచి సబ్జెక్టుగా కాకుండా ఎలక్టివ్‌గా వేస్తే, మళ్లీ అదే చదవాలి.

ఇంజినీరింగ్‌లో అసలు చిక్కు లెక్కలది. కాల్క్యులస్ 1, 2, 3, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ సాధారణంగా వరుసగానే చదవాలి కనుక నాలుగు సెమిస్టర్లూ వాటికే సరి. చేరేటప్పుడు పెట్టే లెక్కల పరీక్షలో తప్పి ప్రీకాల్క్యులస్‌లో పడితే, కాల్క్యులస్ కావాల్సిన ఫిజిక్స్‌తో సహా అంతా ఒక సెమిస్టర్ వెనక్కి జరుగుతుంది. ఇంటర్ పరీక్షలయ్యాక పుస్తకాలు అటకెక్కించకుండా త్రికోణమితి, లిమిట్స్, డిఫరెన్షియేషన్ చూసుకుంటూ ఉండమనండి.

ఖర్చు సగం అన్న మాట మొదటి రెండేళ్లకే. వీసా కోసం కాలేజీ పంపే ఐ-20 పత్రంలో చూపేది ఒక ఏడాది అంచనా. మూడు, నాలుగు సంవత్సరాలకు యూనివర్సిటీ విదేశీ విద్యార్థుల ఫీజే పడుతుంది. చాలా కమ్యూనిటీ కాలేజీలకు హాస్టల్ ఉండదు. గది అద్దె, బస్సు లేదా కారు ఖర్చు కలిపి నాలుగేళ్లకు లెక్క వేయండి. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు చదవాలి, అందులో ఆన్‌లైన్‌వి 3 క్రెడిట్లకు మించి లెక్కకు రావు. అసోసియేట్ డిగ్రీతో ఆగిపోతే చదువయ్యాక స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సులకిచ్చే అదనపు 24 నెలల పని అనుమతికి అర్హత ఉండదు.

ప్రశ్న: ఇక్కడ డిగ్రీ కాలేజీలో నడిపే కమ్యూనిటీ కాలేజీ డిప్లొమా ఏడాదే అంటున్నారు. అది చేసి ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చా? ఆ డిప్లొమాలో భాగంగా ఆటోనగర్ గ్యారేజీలో 300 గంటలు పనిచేస్తే ఎన్ని క్రెడిట్లు?
— ఒక విద్యార్థి, పటమట, విజయవాడ

జవాబు: చేరలేరు. ఈసెట్‌కు కావాల్సింది రాష్ట్ర సాంకేతిక విద్యా మండలి (ఎస్‌బీటీఈటీ) పాలిటెక్నిక్ డిప్లొమా లేదా దానికి సమానమైనది, కాకపోతే మ్యాథ్స్‌తో బీఎస్సీ. పేరులో డిప్లొమా ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు. మన దేశంలో ఈ కమ్యూనిటీ కాలేజీలు పాండిచ్చేరి యూనివర్సిటీలో 1995లో మొదలయ్యాయి. యూజీసీ తన పథకాన్ని తెచ్చింది పన్నెండో పంచవర్ష ప్రణాళిక (2012–17) కాలంలో. ఆ పద్ధతిలో ఆరు నెలలకు సర్టిఫికెట్, ఏడాదికి డిప్లొమా, రెండేళ్లకు అడ్వాన్స్‌డ్ డిప్లొమా, మూడేళ్లకు బీవోక్ (వృత్తి విద్య డిగ్రీ). మీ డిప్లొమా పైమెట్టు బీవోక్, బీటెక్ కాదు. బీటెక్కే కావాలంటే ఈ ఏడాది ఇటు ఖర్చుపెట్టకండి.

ఆ యూజీసీ పద్ధతిలో ఏడాదికి 60 క్రెడిట్లలో 36 నైపుణ్యానికి, 24 సాధారణ సబ్జెక్టులకు. తరగతిలో, ల్యాబ్‌లో 15 గంటలకు ఒక క్రెడిట్. బయట ఇంటర్న్‌షిప్‌కు అందులో సగమే విలువ కాబట్టి 30 గంటలకు ఒకటి. 300 గంటలకు 20 వస్తాయనుకుంటారు చాలామంది, వచ్చేది 10. అదీ గంటలు రాసిన రిజిస్టర్ మీద గ్యారేజీ యజమాని సంతకం, కాలేజీ ముద్ర ఉంటేనే చూపించుకోగలరు. నెలాఖరున ఒకేసారి రాయించుకుంటే తేదీలు కలవవు, ఏ రోజుది ఆ రోజే రాయించండి.

ప్రశ్న: నా వయసు 34. పదో తరగతితో చదువు ఆగిపోయింది. ఈ కమ్యూనిటీ కాలేజీ డిప్లొమాలో చేరొచ్చా?
— ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: వయసు అడ్డం కాదు, ఇంటర్ లేకపోవడమే అడ్డం. ముందు ఏపీ ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ కట్టండి. పదో తరగతి మెమో, ఆధార్‌లలో ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా అని దరఖాస్తుకు ముందే చూసుకోండి. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మార్పించుకున్న వాళ్లకు ఇక్కడే పని ఆగుతుంది.