తొడ పక్క బిగుతుకి రోలర్ పెట్టాల్సిన చోటు అది కాదు

రోజూ 10 నిమిషాలు తొడ బయటి పక్కన ఫోమ్ రోలర్ (ఒళ్లు నలుపుకునే గట్టి స్పాంజి దుంగ) దొర్లిస్తున్నా బిగుతు పోవట్లేదన్నారు కదా. మీరు నలుపుతున్నది కండరం కాదండీ, ఐటీ బ్యాండ్. తుంటి నుంచి మోకాలి దాకా ఉండే, తోలు పట్టీలాంటి గట్టి పొర అది. ఎంత రుద్దినా సాగదు, నొప్పే మిగులుతుంది. దాన్ని లాగి పట్టేవి పిరుదు కండరమూ, తుంటి ముందున్న టీఎఫ్ఎల్ కండరమూ.

బోర్లా పడుకుని కొంచెం పక్కకి ఒరగండి. తుంటి ఎముక ముందు మొనకి రెండు వేళ్లు కింద, కాస్త బయటికి టెన్నిస్ బంతి పెట్టండి. నొప్పి 10కి 6 దాటకుండా 30–45 సెకన్లు ఆగండి. ఊపిరి బిగబట్టారంటే బరువు ఎక్కువ వేసినట్టే. పిరుదుకీ ఇంతే. తిమ్మిరెక్కితే బంతి తీసేయండి.

లేవగానే బరువు లేకుండా 10 స్క్వాట్లు చేయండి. ఎందుకంటే ఈ సడలింపు కాసేపే ఉంటుంది.