నాలా దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి బిడ్డకు, మామయ్య ఆశీర్వదించి రాయునది.

మొన్న నువ్వు ఫోన్‌లో చెప్పిందే రెండు రోజులుగా మనసులో తిరుగుతోంది. కాలేజీలో ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) బాధ్యత నీకిచ్చారనీ, "స్మార్ట్ సిటీలో యువత" పేరుతో ఏదైనా చేయమని ప్రిన్సిపాల్ గారు అడిగారనీ, వంద మంది పిల్లలున్నా ఎక్కడ మొదలుపెట్టాలో తోచక టెన్షన్‌గా ఉందనీ అన్నావు. నేను ముప్పై ఏళ్లు మున్సిపల్ ఇంజినీరుగా కాలువలు, రోడ్లు, మంచినీళ్ల పైపుల మధ్యే బతికినవాణ్ణి. ఫోన్‌లో నాలుగు ముక్కలు చెప్పి పెట్టేయడం నాకు నచ్చలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

స్మార్ట్ సిటీ పథకం అయిపోయింది కదా, ఇప్పుడు మనం చేసేదేముంది అన్నావు. నిజమే, 2015 జూన్ 25న మొదలైన ఆ మిషన్ 2025 మార్చి 31తో ముగిసింది. మన వరంగల్‌కు అందులో 2016 మేలో చోటు దొరికింది. ఒక్కో నగరానికి ఐదేళ్లలో కేంద్రం 500 కోట్లు ఇస్తే, రాష్ట్రం, కార్పొరేషన్ కలిసి అంతే మొత్తం వేసుకోవాలన్నది అప్పటి లెక్క. నా అనుభవంలో పనులు జరిగే రోజుల కన్నా అవి పూర్తయిన తర్వాతి రోజులే కష్టం. కన్సల్టెంట్లు వెళ్లిపోతారు, కమిషనర్లు బదిలీ అవుతారు, నాలాంటివాళ్లు రిటైర్ అవుతారు. వేసిన రోడ్డూ, కట్టిన చెరువు కట్టా, వెడల్పు చేసిన కాలువా ఇక్కడే ఉంటాయి. వాటితో ఇంకో యాభై ఏళ్లు బతకాల్సింది నీ ముందు బెంచీల మీద కూర్చునే పిల్లలే. కాబట్టి ఆలస్యమైందని దిగులు పడకు.

నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. నేను పనిచేసిన ఒక పట్టణంలో ఓ ఏడాది డిగ్రీ విద్యార్థులతో సర్వే చేయించాను. నలభై మంది పిల్లలు ఎండలో ఇరవై రోజులు తిరిగి, ఏ వీధిలో కాలువ ఎక్కడ పూడిందో, ఎక్కడ కుళాయి పగిలిందో రాసి, చక్కగా బైండింగ్ చేయించి తెచ్చి ఇచ్చారు. సర్టిఫికెట్లు పంచాం, ఫొటో దిగాం. ఆ పుస్తకం నా గదిలోని బీరువాలోకి వెళ్లింది. దానిమీద ఏ పని చేశామో, ఏది చేయలేకపోయామో ఆ పిల్లలకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు. మరుసటి ఏడాది పిలిస్తే ముగ్గురే వచ్చారు. వాళ్లలో ఒక అమ్మాయి, "సార్, పోయినసారి మేం రాసింది చదివారా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అందుకే ముందే చెబుతున్నాను. పిల్లల్ని పిలిచే ముందు ఆఫీసుకు వెళ్లి, వాళ్లు తెచ్చిన లెక్క ఎవరు తీసుకుంటారో, ఎన్నాళ్లలో జవాబిస్తారో అడిగి తెలుసుకో. ఒక అసిస్టెంట్ ఇంజినీరు ఒప్పుకున్నా చాలు. ఎవరూ ఒప్పుకోకపోతే ఆ పని మొదలుపెట్టకు, వేరే పని చూసుకో. జవాబు రాని చోట పిల్లలు ఒక్కసారే పనిచేస్తారు.

ఏ పని అంటావా? ఒక నాలాను, అంటే వాననీళ్లు పోయే కాలువను, ఎంచుకో. నగరం మొత్తం నెత్తికెత్తుకోకు. నయీంనగర్ నాలా గానీ, బొంది వాగు గానీ, మీ కాలేజీ వెనకున్న చిన్న కాలువ గానీ, ఏదో ఒకటి. మన ఊరికి ఇంతకన్నా అవసరమైన పని ప్రస్తుతం నాకు కనిపించడం లేదు. 2020 ఆగస్టులో కాలనీలు మునిగాయి. 2023 జులైలో మళ్లీ మునిగాయి, భద్రకాళి చెరువు కట్టకు గండి కూడా పడింది. 2025 అక్టోబరులో మొంథా తుఫానుకు ఇంకోసారి. హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్ వైపు ఉండేవాళ్లకు మబ్బు పడితే నిద్ర పట్టదు. కాకతీయులు గొలుసుకట్టు చెరువులు తవ్విన నేల ఇది. పై చెరువు నిండితే మత్తడి (నిండిన నీళ్లు పొర్లిపోయే చోటు) దుంకి నీళ్లు కింది చెరువుకు చేరేవి. ఆ రెండింటి మధ్య దారి మీద ఇళ్లు లేచాక నీళ్లు రోడ్డు పట్టుకున్నాయి. ఈ సంగతి నువ్వు క్లాసులో చెబితే పిల్లలు నోట్సు రాసుకుంటారు. అదే వాళ్లంతట వాళ్లు నాలా వెంట రెండు కిలోమీటర్లు నడిచి ఎక్కడ ఇరుకైందో టేపుతో కొలిస్తే జన్మలో మర్చిపోరు.

కొలవడం ఎలాగో రాస్తాను, ఏమీ కష్టం కాదు. గట్టు మీద పది మీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టుకోవాలి. నీళ్లలో ఒక ఎండు కొబ్బరి చిప్ప వేసి, మొదటి గుర్తు నుంచి రెండో గుర్తుకు ఎన్ని సెకన్లలో చేరిందో చూడాలి. మూడుసార్లు చేసి సగటు తీయాలి. పైన నీళ్లు వేగంగా, అడుగున నిదానంగా పోతాయి గనక వచ్చిన వేగాన్ని 0.85తో గుణించాలి. కాలువలో నీళ్ల వెడల్పు నాలుగు మీటర్లు, లోతు అర మీటరు, చిప్ప పది సెకన్లలో చేరిందనుకో. ఆ వేగాన్ని వెడల్పుతో, లోతుతో గుణిస్తే సెకనుకు 1.7 ఘనపు మీటర్లు, అంటే 1,700 లీటర్లు పోతున్నట్టు. అంటే మూడు సెకన్లకు ఒక 5,000 లీటర్ల ట్యాంకరు. ఇలా ట్యాంకర్లలో చెబితే కామర్స్ పిల్లవాడికీ తెలుస్తుంది, కార్పొరేటర్‌కూ తెలుస్తుంది.

వాన లెక్క కూడా వాళ్లతోనే వేయించు. ఒక ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన పడితే సుమారు 40,000 లీటర్లు, అంటే ఎనిమిది ట్యాంకర్లు. మీ కాలేజీ ఆవరణ పది ఎకరాలు అనుకుంటే, పది సెంటీమీటర్ల వానకు ఎనిమిది వందల ట్యాంకర్ల నీళ్లు పడతాయి. మట్టి ఉన్నచోట అందులో కొంత ఇంకుతుంది, సిమెంటు పోసిన చోట దాదాపు అంతా గేటు దాటి కింది కాలనీకి పోతుంది. ఈ లెక్క వేశాక పిల్లలే అడుగుతారు చూడు, మన పార్కింగ్ స్థలమంతా సిమెంటు ఎందుకు పోశాం, ఇంకుడు గుంతలు ఎన్ని ఉన్నాయి, అవి పనిచేస్తున్నాయా అని. ఊరికి చెప్పే ముందు మీ కాలేజీలో చేసి చూపించండి.

ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉండు. నీళ్లలోకి ఒక్కరు కూడా దిగకూడదు. కొలతలన్నీ గట్టు మీద నుంచో, వంతెన మీద నుంచో తీయాలి, అదీ మామూలు రోజుల్లోనే. వాన పడుతున్నప్పుడు నాలా దగ్గరకే వెళ్లొద్దు. మ్యాన్‌హోల్ మూత ఎత్తి చూడటం లాంటివి అసలే వద్దు. వరద తగ్గిన మర్నాడు వెళ్తే చాలు. గోడల మీద నీటి మరక ఉంటుంది. ఇంటివాళ్లను అడిగి, ఆ మరక రోడ్డు నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, తేదీ వేసి రాసుకోవాలి. ప్రభుత్వ ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల వాన లెక్కలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఏ రోజు ఎన్ని మిల్లీమీటర్లు పడితే ఏ గోడకు ఎంత ఎత్తున మరక పడిందో పక్కపక్కన రాస్తే, ఆ పట్టిక ఏ కన్సల్టెంటు దగ్గరా ఉండదు. మూడు వానాకాలాలు ఆ పట్టిక నడిపితే ఇంజినీర్లే మీ కాలేజీకి ఫోన్ చేస్తారు.

పెద్దవాళ్లను అడగడం మరవకండి. ఒకప్పుడు మత్తడి ఎక్కడ దుంకేదో, ఏ కుంట ఎప్పుడు మాయమైందో అవ్వలకు తెలుసు. చిన్నప్పుడు బతుకమ్మను ఏ చెరువులో వేసేవారని అడిగిస్తే చాలు, ఆ చెరువు అప్పుడు ఎంతవరకు ఉండేదో వాళ్లే చెబుతారు. మీ అమ్మమ్మ వేలు చూపించి చెప్పిన ఒక కుంట జాగాలో ఇప్పుడు ఫంక్షన్ హాలు ఉంది. ఆ మాటలు ఫోన్‌లో రికార్డు చేసి, మ్యాపు మీద గుర్తులు పెట్టిస్తే అది కూడా ఒక పనే. భద్రకాళి చెరువు పూడిక తీయడానికి 2024 నవంబరులో నీళ్లు ఖాళీ చేసినప్పుడు, అడుగు చూడటానికి వచ్చిన కుర్రాళ్లను చూశాను. ఆసక్తి లేక కాదు, వాళ్లను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరంతే.

ఇంజినీరింగ్ పిల్లలే కావాలనుకోకు. నాలా పక్కన ఉండే కుర్రాళ్లు, ఆటో నడిపేవాళ్లు, ఐటీఐ పిల్లలు, చెత్త ఏరుకునే ఇళ్ల పిల్లలు కూడా ఉండాలి. రాత్రి రెండింటికి నీళ్లు ఏ సందులోంచి ముందు వస్తాయో వాళ్లకే తెలుసు. ఆడపిల్లలు మాత్రం ఇంకో పని కూడా చేయాలి. రాత్రి ఎనిమిది దాటాక బస్టాపు నుంచి హాస్టల్ దాకా ఎక్కడ లైటు వెలగడం లేదో, ఎక్కడ ఫుట్‌పాత్ లేక రోడ్డు మీదకు దిగాలో వాళ్లు రాస్తేనే సరిగా ఉంటుంది. ఇళ్లలో ముందే చెప్పి, నువ్వు వెంట నడిచి చేయించు.

చట్టం మీవైపే ఉంది, అది కూడా పిల్లలకు తెలియాలి. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి వార్డులో నాలుగు కమిటీలు ఉండాలి. వాటిలో ఒకటి పూర్తిగా యువతది, పదిహేను మంది సభ్యులు. మన కార్పొరేషన్‌లో వార్డుల్నే డివిజన్లంటారు, అవి 66. అంటే దాదాపు వెయ్యి మంది కుర్రాళ్లకు, అమ్మాయిలకు చట్టంలోనే చోటుంది. మీ డివిజన్‌లో ఆ కమిటీలో ఎవరున్నారు, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు, అడిగి తెలుసుకో. చెప్పకపోతే పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టించు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. కోపంగా రాయనివ్వకు. ప్రశ్న చిన్నగా, సూటిగా ఉండాలి. అదే చట్టంలో బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలనీ ఉంది. నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయో లెక్కపెట్టడం కూడా మంచి పనే, కానీ మొదటి ఏడాది నాలా ఒక్కటే చాలు.

యాప్ తయారు చేద్దామని ఎవరో ఒకరు అంటారు. ఒక వానాకాలం కాగితం మీద రాశాక, నిజంగా అవసరమైతే చేయనివ్వు.

సమయం సంగతి. ఎన్ఎస్ఎస్ పిల్లలకు ఏడాదికి 120 గంటలు ఉంటాయి కదా. వేసవి పరీక్షల ముందే నాలా నడక, కొలతలు పూర్తి చేయండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మరకలు, వాన లెక్కలు. దసరా సెలవుల తర్వాత కూర్చుని నాలుగు పేజీలు రాయండి, అంతకుమించి వద్దు. ఏ చోట ఇరుకు, ఎంత ఇరుకు, ఎవరి ఇల్లు మునుగుతోంది, ముందు ఏది చేయాలి. చలికాలంలో బడ్జెట్ తయారయ్యేటప్పుడు అది ఆఫీసులో ఉండాలి. ఇచ్చేటప్పుడు నువ్వు మాట్లాడకు, పిల్లల్ని మాట్లాడనివ్వు. ఇంజినీరు "ఇది కుదరదు" అంటే ఎందుకు కుదరదో కూడా వాళ్లే అడగాలి, వాళ్లే వినాలి. స్థల సేకరణ, కోర్టు కేసులు, డబ్బుల కొరత, అన్నీ నిజమైన కారణాలే. ఇరవై ఏళ్లప్పుడు అవి తెలుసుకున్నవాళ్లు రేపు ఓటేసేటప్పుడూ, ఇల్లు కొనేటప్పుడూ అది శిఖం భూమా (చెరువు నీళ్లు నిలిచే నేలా), నాలా బఫర్ జోనా (కట్టడాలు లేకుండా వదలాల్సిన గట్టు పక్క జాగానా) అని ఆగి చూస్తారు.

వచ్చే ఆదివారం నేను హనుమకొండలో ఉంటాను. ముప్పై మీటర్ల టేపు, నా పాత లెవెల్ పుస్తకం తెస్తాను. పొద్దున ఆరున్నరకు నయీంనగర్ వంతెన దగ్గరకు నలుగురు పిల్లల్ని తీసుకురా, చాలు. టోపీలు, మంచినీళ్లు మరవకండి.

మీ అమ్మను అడిగానని చెప్పు.

మీ మామయ్య