వంటిల్లు పగలగొట్టే ముందు

హైదరాబాద్

చి. ల. సౌ. అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. మీ వంటింటికి మాడ్యులర్ కిచెన్ వాళ్లు గీసి పంపిన బొమ్మ చూశాను. రంగులు బాగున్నాయి. అయితే నీళ్ల పైపు ఎటు వస్తుందో, కరెంటు తీగ ఎక్కడ దిగుతుందో, సింకు మురుగు ఎటు పోతుందో అందులో ఒక్క గీత కూడా లేదు. 20 ఏళ్ల ఫ్లాటులో వంటిల్లు చెడేది అక్కడే. షట్టరు రంగు నచ్చకపోతే ఐదేళ్లకు మార్చుకోవచ్చు. టైల్స్ వెనక పైపు కారితే మాత్రం మళ్లీ సుత్తి పడాల్సిందే. అందుకని డబ్బులో మొదటి వాటా గోడలోకి పోయేదానికి పెట్టు, మిగిలినదానితో చెక్కపని చూసుకో.

ఒక ఆదివారం పూట సామానంతా తీసి హాల్లో పరచండి. ఆవకాయ జాడీల ఎత్తు, 25 కిలోల బియ్యం పోసే డబ్బా వెడల్పు, పెద్ద కుక్కరు, ఇడ్లీ పాత్ర, గ్రైండరు, అన్నీ టేపు పెట్టి కొలిచి రాసుకో. మాడ్యులర్ వాళ్ల డ్రాయర్లు ప్లేట్లు, కప్పులు లెక్కేసి చేసినవి. మన గుండిగలు, జాడీలు వాటిలో పట్టవు. స్టవ్ కింద మూడు డ్రాయర్లు చాలు: పైది గరిటెలకు 5 అంగుళాలు, నడిమిది 8, అడుగుది గిన్నెలకు 14. బియ్యం డబ్బాకు డ్రాయరు వద్దు, కింద నేల మీదే చోటు వదులు. బరువుకు డ్రాయరు జారే పట్టాలు (ఛానెళ్లు) వంగిపోవచ్చు.

తర్వాత గట్టు ఎత్తు. చెప్పులు లేకుండా నిలబడి మోచెయ్యి మడిచి, నేల నుంచి మోచేతి దాకా కొలువు. అందులోంచి 4 నుంచి 6 అంగుళాలు తీసేస్తే నీ గట్టు ఎత్తు వస్తుంది. 5 అడుగుల 2 అంగుళాల మనిషికి అది 33, 34 దగ్గర తేలుతుంది. మీ అత్తగారు కూడా వండుతారు కదా, ఆవిడ కొలతా తీసుకో. ఇద్దరికీ తేడా ఉంటే ఎక్కువసేపు నిలబడేవాళ్ల కొలతే పెట్టు. ఈ ఎత్తు కొత్త నేల పైనుంచి లెక్కించాలి. పాత టైల్ మీద కొత్తది వేస్తే ముప్పావు అంగుళం దాకా నేల లేస్తుంది, గట్టు అంత పొట్టి అవుతుంది, తలుపు కూడా పట్టేస్తుంది. గిన్నెలు కడిగే మెషీన్ ఎప్పటికైనా పెట్టే ఆలోచన ఉంటే దాని ఎత్తు ఇప్పుడే షాపులో అడుగు. 33 అంగుళాల గట్టులో రాయి మందం 2 సెంటీమీటర్లు పోతే కింద మిగిలేది 82 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. 85 సెంటీమీటర్ల మెషీన్ అందులో దూరదు.

మీ గది 8 అడుగులు వెడల్పు కాబట్టి రెండు పక్కలా 2 అడుగుల గట్లు వేసినా మధ్యలో 4 అడుగులు మిగులుతుంది. ఇద్దరు తగలకుండా తిరగొచ్చు. స్టవ్‌కు, సింకుకు మధ్య కనీసం 2 అడుగుల ఖాళీ గట్టు ఉండాలి. కూరలు తరగడానికి, దించిన గిన్నె పెట్టడానికి అదే చోటు. వాస్తు కోసం స్టవ్ ఆగ్నేయానికి జరపమంటే జరుపు, అది గ్యాసు, కరెంటు పని. సింకును గదికి అవతలి మూలకు మార్చమంటే మాత్రం వెంటనే ఒప్పుకోవద్దు. మురుగు పైపుకు వాటం కావాలి: 40 అడుగుల పొడవుకు 1 అడుగు, అంటే 10 అడుగులు నడిపితే 3 అంగుళాల దిగుడు. ఫ్లాటులో స్లాబు మీద అంత లోతు దొరకదు. వాటం తగ్గితే నూనె జిడ్డు, అన్నం మెతుకులు పైపులోనే పేరుకుని నెలకోసారి ప్లంబర్‌ను పిలవాల్సి వస్తుంది. షాఫ్టు, అంటే మురుగు పైపులు కిందికి దిగే సందు, ఏ గోడకు ఉందో సింకు ఆ గోడకే ఉండనివ్వండి.

పగలగొట్టే ముందు అసోసియేషన్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి, కింది ఫ్లాటువాళ్లకు నోటితో చెప్పండి. పిల్లరు, బీము జోలికి ఎవరినీ వెళ్లనివ్వకు. చిమ్నీ రంధ్రం కోసం బీముకు కన్నం పెట్టడానికి ఒప్పుకునే మేస్త్రీలు ఉంటారు, ఆ మాట వస్తే పని ఆపించు. రాళ్లు, పెంకులు గోనె సంచుల్లో కట్టించి దింపాలి. వాటిని నాలాలోనో ఖాళీ ప్లాటులోనో పోస్తే తప్పు, జరిమానా కూడా పడుతుంది. నిర్మాణ వ్యర్థాలకు జీడిమెట్ల, ఫతుల్లగూడలలో ప్రత్యేక కేంద్రాలు ఉన్నాయి. బండివాడితో అక్కడికే చేరుస్తానని ముందే ఒప్పించుకో.

పాత గట్టు తీశాక, గోడ బోసిగా ఉన్నప్పుడు, సుద్దముక్కతో అన్నీ గోడ మీదే గీయించు. గట్టు గీత, సింకు మధ్య గీత, ప్రతి ప్లగ్గు, ప్రతి పంపు. ఎలక్ట్రీషియన్, ప్లంబర్, కార్పెంటర్ ముగ్గురూ ఆ గీతల ముందు ఒకే రోజున నిలబడాలి. ఎవరికి వాళ్లు విడివిడిగా వచ్చి పోతే ప్లగ్గు వెళ్లి చెక్క బాక్సు వెనక పడుతుంది, పైపు మీద మేకు దిగుతుంది.

కరెంటు సంగతి కొంచెం నెమ్మదిగా చదువు. గట్టు మీద ప్లగ్గులు గట్టుకు 8, 10 అంగుళాల పైన ఉండాలి. స్టవ్ వెనకా, సింకుకు 2 అడుగుల లోపూ వద్దు. ఇండక్షన్ స్టవ్ 2000 వాట్లు, అంటే దాదాపు 9 ఆంపియర్లు. మైక్రోవేవ్ మరో 6 లాగుతుంది. రెండూ ఒకే లైను మీద ఉంటే 16 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే తనంతట పడిపోయే స్విచ్) అంచున నడుస్తుంది, దానికి కెటిల్ తోడైతే పడిపోతుంది. అందుకే ఇండక్షన్‌కు, మైక్రోవేవ్‌కు, గిన్నెల మెషీన్‌కు వేర్వేరు లైన్లు, ఒక్కొక్కటి 4 స్క్వేర్ ఎంఎం రాగి తీగతో బోర్డు దాకా లాగించు. మిక్సీ, గ్రైండరు ప్లగ్గులకు 2.5, లైట్లకు 1.5 సరిపోతుంది. ఫ్రిజ్‌కు, చిమ్నీకి, నీళ్ల ఫిల్టరుకు ఒక్కో పాయింటు. గిన్నెల మెషీన్ ప్లగ్గు దాని వెనక కాకుండా పక్క బాక్సులో పెట్టించు, చెయ్యి అందాలి. తడి చేతులతో పని చేసే గది కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) లేకుండా ఒప్పుకోవద్దు. పాత ఫ్లాటులో ఎర్త్ తీగ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ముందే పరీక్ష చేయించు, ఎర్త్ లేకపోతే ఆర్‌సీసీబీ పెట్టినా రక్షణ సగమే. కోఠి ట్రూప్‌బజార్‌లో తీగ కొనేటప్పుడు కాయిల్ మీద ఐఎస్ఐ గుర్తు, స్క్వేర్ ఎంఎం రెండూ నువ్వే చదువు.

నీళ్ల పైపులు పాత జీఐవి (ఇనుపవి) అయితే మొత్తం తీయించెయ్. బోరునీళ్ల ఉప్పు, తుప్పు పట్టి లోపల సన్నబడి ఉంటాయి. కొత్త పంపు పెట్టినా ధార రాదు. సీపీవీసీ ప్లాస్టిక్ పైపులు వేయించు, మెయిన్ ముప్పావు అంగుళం, పంపుల దగ్గర అర అంగుళం. మంజీరా నీళ్లకు ఒకటి, బోరుకు ఒకటి విడి లైన్లు ఉంటే వంటింటికి రెండూ తెప్పించుకో. సింకు కింద ప్రతి లైనుకూ యాంగిల్ వాల్వు, వంటింటి మొత్తానికి ఒక కట్ వాల్వు ఉంటే రేపు వాషరు మార్చడానికి బిల్డింగ్ నీళ్లు ఆపనక్కర్లేదు. అతుకులు ఆరాక టెస్టింగ్ పంపుతో ప్రెషర్ పెట్టించి రాత్రంతా వదిలెయ్యి. పొద్దున ప్రెషర్ మీటరు ముల్లు అక్కడే ఉంటేనే గోడ పూడ్చనివ్వు. ప్లంబర్ తొందరపడతాడు, నువ్వు పడకు. పూడ్చే ముందు ప్రతి గోడకూ టేపు ఆనించి ఫోటో తీసుకో. ఏ పైపు మూల నుంచి ఎంత దూరంలో ఉందో ఆ ఫోటోలోనే తెలుస్తుంది. చిమ్నీ బిగించే కుర్రాడు డ్రిల్లు పట్టుకుని వచ్చినప్పుడు అది చూపించు.

వాష్ ఏరియా, సింకు కింది నేల వాటర్‌ప్రూఫ్ చేయించి, నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే కన్నం) మూసి, 2 అంగుళాల నీళ్లు నింపి 48 గంటలు ఉంచాలి. మొదటి రోజూ, రెండో రోజూ కింది ఫ్లాటు సీలింగు స్వయంగా చూసి రా. పైపుల కోసం గోడలో కొట్టిన గాళ్లు సిమెంటుతో పూడ్చాక వారం తడపాలి, ఆ పైన ఇంకో వారం పదిరోజులు ఆరాలి. తడిగోడకు బాక్సులు ఆనిస్తే వెనక బూజు పట్టి చెక్క ఉబ్బుతుంది.

టైల్స్ గురించి రెండే మాటలు. విట్రిఫైడ్ టైల్ నీళ్లు పీల్చదు, కాబట్టి ఉత్త సిమెంటు పాలు దాన్ని పట్టుకోవు. గోడకు టైల్ అడెసివ్‌తోనే అతికించాలి, ఆరాక రూపాయి బిళ్లతో కొట్టి డొల్ల మోగితే ఆ టైల్ తీయించాలి. గట్టు వెనక గోడకు టైల్ సందుల్లో ఎపాక్సీ గ్రౌట్ నింపించు, మామూలు గ్రౌట్ పసుపును, నూనెను ఆరు నెలల్లో పీల్చేస్తుంది. ఎపాక్సీ కొంచెం కొంచెంగా కలపాలి, అది బిగిసేలోపే టైల్ తుడవాలి. లేదంటే పైన మసక పొర ఉండిపోతుంది, గీకినా పోదు.

గట్టు రాయి దగ్గర నీకు చాలామంది చాలా చెబుతారు. పాలరాయి వద్దమ్మా, చింతపండు పులుసు, నిమ్మరసం పడితే దాని మెరుపు తినేస్తాయి. క్వార్ట్జ్ చూడ్డానికి బాగుంటుంది, అయితే దాన్ని పట్టి ఉంచేది రెసిన్. పొయ్యి మీంచి దించిన బాండీ నేరుగా పెడితే అక్కడ మచ్చ పడుతుంది. మన వంటకు గ్రానైటే సరి. ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ నలుపు అందంగా ఉంటుంది, కానీ బోరునీళ్లు ఎండిన ప్రతి చుక్కా దాని మీద తెల్లగా కనిపిస్తుంది. సింకు ఉన్న వైపు స్టీల్ గ్రే గ్రానైటు వేస్తే రోజూ తుడిచే బాధ తగ్గుతుంది. మందం 18 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. అంచు షట్టరు కన్నా 1 అంగుళం ముందుకు రావాలి, ఆ అంచు అడుగున అర అంగుళం లోపలికి సన్నటి గాడి కొట్టించు. గట్టు మీంచి జారిన నీళ్లు ఆ గాడి దగ్గరే కారిపోతాయి. గాడి లేకపోతే రాయి అడుగునే పాకి షట్టరు తలలోకి దిగుతాయి. ఈ పని గంటలో అయిపోతుంది, అయినా అడగకపోతే ఎవరూ చెయ్యరు. సింకు, హాబ్ (గట్టు రాయిలో దిగే స్టవ్) రెండూ ఇంటికొచ్చాకే వాటి కోతలు ఇక్కడే కోయించు. కోసి తెచ్చిన రాయి సింకు ముందున్న మూడు అంగుళాల పట్టీ దగ్గర లారీలోనే చీలుతుంది. కోత మూలలు గుండ్రంగా ఉండాలి, చదరపు మూల నుంచే పగులు మొదలవుతుంది.

గట్టు కింద ఏం వాడాలన్నది నా లెక్క ఇది. సింకు కింద, గ్యాసు బండ దగ్గర కడప రాయి నిలువు పలకలు పెట్టించి షట్టర్లు మాత్రం చెక్కతో చేయించు. నీటికి ఉబ్బదు, చెదపురుగు ముట్టదు. మిగతా చోట 18 ఎంఎం ప్లైవుడ్ బాక్సులు. ప్లై మీద ఐఎస్ 710 ముద్ర ఉంటే నీటిని బాగా తట్టుకునే రకం, ఐఎస్ 303 బీడబ్ల్యూఆర్ ముద్ర ఉన్నది పై బాక్సులకు చాలు. పార్టికల్ బోర్డు వంటింట్లోకి రానివ్వకు. షట్టరుకు లామినేట్ రెండు వైపులా అతికించాలి, లోపలివైపు వదిలేస్తే ఒక వానాకాలానికే వంకర పోతుంది. కోసిన ప్రతి అంచుకూ పట్టీ ఉండాలి, కనపడని అడుగు అంచుకు కూడా. సింకు కింద షట్టర్ల కీళ్లు తుప్పును తట్టుకునే 304 స్టీలువి పెట్టించు. బాక్సుల కొలతలు టైల్స్ అయిపోయాకే తియ్యాలి. పాత గోడలు మూలమట్టానికి ఉండవు, కాగితం మీది కొలతతో చేసిన బాక్సు వెనక వేలు దూరే సందు వస్తుంది, అందులో బొద్దింకలు చేరతాయి.

గ్యాసు బండ పెట్టే బాక్సుకు అడుగున గాలి రంధ్రాలు తప్పనిసరి, ఎల్పీజీ గాలికన్నా బరువు, కారితే నేల మీదే నిలుస్తుంది. స్టవ్ ఎప్పుడూ బండకన్నా ఎత్తులో ఉండాలి. బండ నుంచి స్టవ్‌కు వెళ్లే సురక్షా ట్యూబు మీటరున్నర మించకూడదు, ఐదేళ్లకు మార్చాలి. దాన్ని బాక్సు చెక్కలోంచి దూర్చే చోట రంధ్రం అంచు నున్నగా ఉందో చూడు. మీ బిల్డింగ్‌కు భాగ్యనగర్ గ్యాస్ లైను ఉంటే ఆ పైపును ప్లంబర్‌తో జరిపించవద్దు, వాళ్లనే పిలవాలి.

చిమ్నీ స్టవ్‌కు 26 నుంచి 30 అంగుళాల పైన. స్టవ్ ఎంత వెడల్పో చిమ్నీ కనీసం అంత. మిరపకాయ తాలింపు ఘాటు బయటికి పోవాలంటే మోటారు బలం కన్నా పైపు దారి ముఖ్యం. 6 అంగుళాల పైపును 4 అంగుళాల పాత కన్నంలోకి ఇరికించకూడదు, మలుపులు ఒకటి, మహా అయితే రెండు.

పని మొత్తం 40 రోజులు పడుతుందని లెక్కేసుకో. సంక్రాంతి దగ్గరపడ్డాక మొదలుపెట్టవద్దు, ఊళ్లకు పోయిన పనివాళ్లు నెల దాటినా తిరిగిరారు. వానల్లో చెక్కపని, రంగు ఆలస్యం అవుతాయి. నవంబరు మొదట్లో పట్టుకుంటే సరిపోతుంది. అన్ని రోజులూ బాల్కనీలో ఇండక్షన్, ఒక బల్ల, బకెట్టు పెట్టుకోండి.

డబ్బు పని అయిన మేరకే ఇవ్వు. చదరపు అడుగు రేటు చెబితే అది షట్టరు ముందు కొలతా, లోపలి బాక్సులతో కలిపా అని రాయించుకో. గ్రానైటుకు పలక మొత్తం కొలుస్తారా, వేసినంతా అని అడుగు. అంచు గుండ్రం చేసే కూలి అడుగుకింత అని వేరే ఉంటుంది. అనుకున్నదానికి పైన 15 శాతం పక్కన పెట్టుకో, పాత గోడ తీస్తే ఏదో ఒకటి బయటపడుతుంది.

చివరి 10 శాతం ఇచ్చే ముందు ఇది చెయ్యి. సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారి వదిలి, కింద పొడి కాగితం పరిచి పది నిమిషాలు చూడు. అన్ని డ్రాయర్లలో సామాను నింపి లాగు. ఇండక్షన్, మైక్రోవేవ్, మిక్సీ, చిమ్నీ ఒకేసారి వెయ్యి. ఆర్‌సీసీబీ మీది టెస్టు బటన్ నొక్కు, అది వెంటనే పడిపోవాలి. కాగితం తడిసినా, బటన్ పడకపోయినా డబ్బు నీ దగ్గరే ఉంచి అల్లుడుగారితో నాకు ఫోన్ చేయించు.

ఆశీస్సులతో,
బాబాయి