ఆ గొట్టాలు పీకేయమంటున్నారు!

ప్రశ్న: మా నాయన 1999లో కొన్న మారుతి 800 ఇంకా నడుస్తోంది, కార్బురేటర్ బండి. ఐడిల్‌లో (బండి నిలబడి ఇంజను మాత్రం నడుస్తున్నప్పుడు) ఊగుతుంది, పెట్రోలు వాసన. పీసీవీ వాల్వు (ఇంజను లోపలి పొగను తిరిగి ఇంజనులోకే పంపేది), నల్ల డబ్బా పీకేస్తే పికప్ వస్తుందని మెకానిక్ అంటున్నాడు. తీయించమంటారా?
– ఒక పాఠకుడు, కట్టమంచి, చిత్తూరు

జవాబు: వద్దు నాయనా. ఆ నల్ల డబ్బాలో ఉండేది బొగ్గు. ట్యాంకులోంచి లేచే పెట్రోలు ఆవిరిని పట్టి ఇంజనుకే ఇస్తుంది. అది తీసేస్తే వాసన ఇంకా ఎక్కువవుతుంది. ట్యాంకు మూతిదాకా కొట్టించే అలవాటుంటే మానండి, డబ్బాలోకి పెట్రోలే దిగుతుంది. పికప్ అంటారా, వట్టి మాట.

ఊగుతోందంటే ముందు ఆ వాల్వుకు, డబ్బాకు తగిలించిన రబ్బరు గొట్టాలు చూడండి. మన ఎండలకు కొసలు బిరుసెక్కి పగులుతాయి, అక్కడ దొంగగాలి లాగుతుంది. పీసీవీ వాల్వు ఊడదీసి చెవి దగ్గర ఆడించండి, గలగలమనాలి. అనకపోతే మార్చండి. ఇంజను నడుస్తుండగా దాని మూతికి వేలు అడ్డం పెడితే లాగినట్టుండాలి. అది పీకి రంధ్రం అట్లే వదిలేస్తే ఐడిల్ ఇంకా చెడుతుంది. రంధ్రం మూసేస్తే లోపలి పొగకు దారి లేక ఆయిల్ జిడ్డు కడుతుంది, సీళ్లు కారుతాయి.

మీ కాలపు బండికి పొల్యూషన్ పరీక్షలో సీవో (కార్బన్ మోనాక్సైడ్) 3 శాతం, హెచ్‌సీ (కాలకుండా పోయే పెట్రోలు ఆవిరి) 1500 పీపీఎం, అంటే పది లక్షల్లో 1500 వంతులు, దాటకూడదు. దాటిన బండి నడిపితే 10,000 రూపాయల దాకా జరిమానా. గొట్టాలు మార్చాకే కార్బురేటర్ ట్యూనింగ్ చేయించండి, ముందు కాదు.