టెక్ సందేహాలు: మీటర్ మీద ఒక అంకె, కంట్రోలర్‌లో ఇంకో అంకె

ప్రశ్న: ప్లాంటులోని ఫ్లో మీటర్లు, ప్రెషర్ ట్రాన్స్‌మీటర్లను ఆర్‌ఎస్-485 (ఒకే లైన్ మీద చాలా పరికరాలను కలిపే పద్ధతి) కమ్యూనికేషన్ మాడ్యూల్ ద్వారా పీఎల్‌సీకి (ప్లాంటును నడిపే కంట్రోలర్) కలిపాం. అవి మాట్లాడుకోవడానికి మోడ్‌బస్ అనే భాష వాడుతున్నాం. కొన్ని రీడింగులు సున్నా చూపిస్తాయి, కాసేపటికే నమ్మలేనంత పెద్ద అంకెలు వస్తాయి. అప్పుడప్పుడు అన్నీ నిలిచిపోతాయి. మాడ్యూల్ మార్చాలా? ఫోన్‌లో చూసుకోవడానికి, ఈ లైన్‌ను ఇంటర్నెట్‌కు కలిపే ఒక గేట్‌వే కూడా పెట్టాం, అది మాత్రం బాగానే పనిచేస్తోంది.

జవాబు: మాడ్యూల్ జోలికి వెళ్లకండి. ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి, తప్పు మాడ్యూల్‌లో ఉండటం అరుదు.

సున్నా, పెద్ద అంకె అనేవి రెండు జబ్బులు కావు. దశాంశ విలువ రెండు రిజిస్టర్లలో (మీటర్ తన విలువలు ఉంచే నంబరు గళ్లు) వస్తుంది. ఏది ముందు, ఏది వెనక అన్నది ఒక్కో తయారీదారు ఒక్కోలా పెడతాడు. ఆ రెండూ తారుమారైతే 25.0 సున్నాగా కనిపిస్తుంది, 25.3 మాత్రం ఇరవై నాలుగు అంకెల సంఖ్య అయిపోతుంది. పీఎల్‌సీలో వర్డ్ ఆర్డర్ (ఆ రెండింటి వరస) మార్చి చూడండి. రిజిస్టర్ నంబర్ ఒకటి అటూ ఇటూ అయినా ఇదే గోల. మాన్యువల్‌లో మొదటి రిజిస్టర్‌ను 40001 అని వేసి, లోపల సున్నా నుంచి లెక్కపెట్టే అలవాటును ఇన్నేళ్లయినా వదలరెందుకో!

నిలిచిపోవడానికి రెండు కారణాలుండొచ్చు. మొదటిది వైరింగ్. లైన్ ఒక మీటర్ నుంచి ఇంకో మీటర్‌కు వరసగా పోవాలి, ఒకేచోటి నుంచి అన్ని వైపులా చీలకూడదు. 120 ఓమ్ల టర్మినేషన్ (సిగ్నల్ వెనక్కి తిరిగి రాకుండా ఆపే రెసిస్టర్) రెండు చివర్లలోనే ఉండాలి. రెండోది, ఎక్కడో ఒక మీటర్‌కు కరెంటు లేకపోవడం. మాస్టర్, అంటే ఇక్కడ పీఎల్‌సీ, మీటర్లను ఒక్కొక్కటిగానే అడుగుతుంది. టైమవుట్ (జవాబు కోసం ఆగే సమయం) ఒక సెకను, మళ్లీ మూడుసార్లు అడగమని పెట్టి ఉంటే, ఆ ఒక్క మీటర్ కోసం మిగతావన్నీ నాలుగు సెకన్లు కాచుకోవాలి.

ఇక మీరు చివర్లో తేలిగ్గా అనేసిన ఆ గేట్‌వే. నన్ను కంగారు పెట్టింది అదే. ఫోన్‌లో కనబడటానికి రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా లోపలికి దారి) చేశారా? పాస్‌వర్డ్ పెట్టెలోంచి తీసినప్పటిదేనా? మోడ్‌బస్ 1979లో పుట్టింది. అడిగేవాడు ఎవడని విచారించడం దానికి చేతకాదు. మోడ్‌బస్ వాడే నెట్‌వర్క్ తలుపు, పోర్ట్ 502, బయటికి తెరిచి ఉంటే, ఎక్కడి నుంచైనా ఫంక్షన్ 6 లేదా 16 (రాయమనే ఆదేశాలు) పంపి రిజిస్టర్‌లో కొత్త విలువ రాసేయొచ్చు. పంపు ఆపేస్తే మీకు వెంటనే తెలుస్తుంది. ట్రాన్స్‌మీటర్ రేంజ్‌నో స్కేలింగ్‌నో కొంచెం జరిపితే? తెర మీద మామూలు రీడింగే ఉంటుంది, అలారం మోగదు, లోపల ప్రెషర్ మాత్రం పెరుగుతూ ఉంటుంది. నాకు టెన్షన్ ఇక్కడే. టీఎల్‌ఎస్‌తో (సమాచారాన్ని గుప్తంగా పంపే పద్ధతి) భద్రమైన మోడ్‌బస్ 2018లో వచ్చింది గానీ, పాత మాడ్యూళ్లకు దాని ఊసే తెలియదు.

కాబట్టి వైరింగ్ కంటే ముందు ఆ పోర్ట్ మూయండి. ఫోన్‌లో చూడటం తప్పదంటే వీపీఎన్ (ఇంటర్నెట్ మీద గుప్తమైన సొంత దారి) ద్వారానే. గేట్‌వేలో ఫంక్షన్ 3, 4 (రిజిస్టర్లను చదవమనే ఆదేశాలు) తప్ప మిగతావన్నీ ఆపేయండి. ఆ సౌకర్యమే లేని గేట్‌వే అయితే పక్కన పెట్టేయండి. ట్రాన్స్‌మీటర్లలో రైట్ ప్రొటెక్ట్ (సెట్టింగులు మార్చనివ్వని) స్విచ్ ఉంటే ఆన్ చేయండి. పనికి అడ్డమని దాన్ని ఆఫ్‌లోనే వదిలేసేవాళ్లు ఎందరో. 2017లో సౌదీ పెట్రోకెమికల్ ప్లాంటు మీద జరిగిన ట్రైటన్ అనే సైబర్ దాడిలో, సేఫ్టీ కంట్రోలర్ (ప్రమాదం వస్తే ప్లాంటును ఆపేది) తాళం ప్రోగ్రామ్ స్థానంలోనే, అంటే మార్పులకు వీలుగా, ఉండిపోవడం దాడి చేసినవాళ్లకు కలిసొచ్చింది.

తయారీదారుల సంగతీ చెప్పాలి. 'రెండు నిమిషాల్లో క్లౌడ్‌కి' అని అట్ట మీద పెద్దక్షరాలతో వేస్తారు. పాస్‌వర్డ్ మార్చేదాకా పనిచేయకుండా ఆపడానికి మాత్రం వాళ్లకు మనసొప్పదు, అమ్మకం జారిపోతుందని భయం. అప్‌డేట్ ఇచ్చినా దానితోపాటు సెట్టింగులు మళ్లీ మొదటికి వచ్చేసే రకాలూ ఉన్నాయి. అందుకే అప్‌డేట్ చేసిన ప్రతిసారీ పాస్‌వర్డ్, అనుమతులు రెండూ మళ్లీ చూసుకోండి.

పోర్ట్ మూసి, వర్డ్ ఆర్డర్ సరిచేశాక కూడా రీడింగులు ఆగుతుంటే బాడ్ రేట్ (లైన్ వేగం), పారిటీ (తప్పులు పట్టే బిట్), టైమవుట్ విలువలు, లైన్ పొడవు రాసి పంపండి.